సెలవుచీటి కోరిన ఆటగాడు

హాకీ యనగానే మనవారికి పచ్చిక మైదానము, వంపు తిరిగిన కర్ర, తెల్లని బంతి, ధ్యాన్‌చంద్ పేరు మనస్సున మెదలును. ఉత్తర దేశములలో ఆ మాటకు అర్థము వేరు. అచ్చట చలికాలమున చెరువులు గడ్డకట్టును. ఆ గడ్డపై ఇనుపవాదర గల జోళ్లు తొడిగి, జారుచు ఆడునదే వారికి హాకీ. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల యుండును. దాని మందము ఒక అంగుళము, అడ్డుకొలత మూడంగుళములు. ఒక్కొక్క పక్షమున గోలు కాచువానితో కలిపి ఆరుగురు ఆడుదురు. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములుగా సాగును. దాని వేగ మెట్టిదనగా, ఎంత బలశాలియైనను ముప్పావు నిమిషమో, నిమిషమో ఆడి బెంచీకి మరలవలసినదే. వాని చోటికి మరియొకడు గోడ దుమికి వచ్చును. కావుననే ఒక జట్టునందే ఐదుగురేసి గుంపులుగా ఏర్పడి, ఒకని చూపు మరియొకడు ఎరిగి ఆడుట అలవాటయ్యెను. ఇచ్చట చెప్పబోవు చరిత్రలో ఈ ఐదుగురి లెక్క ముఖ్యమైనది.

రష్యనులు ఈ ఆటను ఆలస్యముగా నేర్చిరి. అంతకు పూర్వము వారి దేశమున విశాలమైన మంచుగడ్డపై బంతితో ఆడు వేరొక క్రీడ వాడుకలో నుండెను. బిళ్లతో ఆడు కెనడా పద్ధతిలో సోవియట్ దేశమున మొదటి జాతీయ పోటీలు 1946 డిసెంబరులో ప్రారంభమయ్యెను. అప్పటికి మహాయుద్ధము ముగిసి ఏడాదిన్నర మాత్రమే. ఎనిమిదేండ్లు తిరుగకముందే, 1954లో, వారు స్టాక్‌హోమ్ నగరమున ప్రపంచ పోటీలలో తొలిసారి కాలిడి, ఈ ఆటకు పుట్టినిల్లని పేరొందిన కెనడాను 7-2 గోలులతో ఓడించిరి. 1956లో ఇటలీ దేశపు కొర్టీనాలో ఒలింపిక్ స్వర్ణపతకము వారి వశమయ్యెను. చూచినవారు నివ్వెరపోయిరి.

ఈ విజయములకు పునాది వేసినవారిలో అనటోలీ తరాసోవ్ ముఖ్యుడు. కెనడావారు బిళ్లను ముందుకు కొట్టి దాని వెంటబడుదురు. ఎదుటివానిని ఢీకొని దానిని చేజిక్కించుకొందురు. తరాసోవ్ దానిని అనుకరింప నొల్లడయ్యెను. బిళ్ల చేతిలో నున్నవాడు సేవకుడు, లేనివాడే దారి చూపువాడు అన్నట్లుగా అతడు తన శిష్యులకు నేర్పెను. ఒకరి కొకరు అందించుకొనుచు, చోటులు మార్చుకొనుచు, ఎదుటి పక్షమువాడు ఎవనిని కాయవలెనో తెలియక తికమక పడునట్లు చేయుటయే అతని విద్య. కోచ్‌గా ఇతని గొప్పతనమును ఎదుటి పక్షమువారును ఒప్పుకొని, 1974లో టొరాంటో నగరమందలి హాకీ కీర్తిమందిరమున ఇతని పేరు చేర్చిరి.

ఇచ్చట ఒక మాట వివరింపవలసియున్నది. ఆ కాలమున ఒలింపిక్ పోటీలలో జీతము పుచ్చుకొని ఆడువారికి చోటు లేదు. సోవియట్ ఆటగాండ్రకు ఆటయే జీవనమైనను, కాగితముపై వారు ఆటగాండ్రు కారు. మాస్కో సైన్య క్రీడాసంఘమున ఆడువారు సైనికోద్యోగులు. వారికి సైన్యము హోదా నిచ్చును, జీతము నిచ్చును, ఇల్లు నిచ్చును; వారు చేయు కొలువు మాత్రము మంచుగడ్డపైననే. ఇతర నగరములలో మెరుగైన కుర్రవా డెవడైన కనబడినచో సైనిక సేవ పేరిట ఈ సంఘమునకు రప్పించుకొనుట కష్టము కాదు. ఆ విధముగా దేశమందలి మేటి ఆటగాండ్రు ఒక్క సంఘమున చేరిరి. చేరుట సులభము. విడిచిపోవుటకు సెలవుచీటి కావలెను. దాని కొరకు జరిగిన పోరాటమే వ్యాచెస్లావ్ ఫెటిసోవ్ జీవితమున ప్రధాన ఘట్టము.

ఫెటిసోవ్ 1958 ఏప్రిల్ 20వ తేదీన మాస్కోలో జన్మించెను. బాల్యముననే సైన్య సంఘపు హాకీ పాఠశాలలో చేరి, పదునెనిమిది, పందొమ్మిదేండ్ల ప్రాయమునకే పెద్దల జట్టున స్థిరపడెను. అతడు రక్షక వరుసలో ఆడువాడు. ఆ వరుసలోని వారి పని ఎదుటివారి దాడిని ఆపుట. ఫెటిసోవ్ ఆపుటతో తృప్తి పడలేదు. బిళ్లను చేజిక్కించుకొనిన మరుక్షణమే తలయెత్తి, మైదానమంతయు ఒక్కసారి కలయజూచి, తానే దాడికి నడుము కట్టుచుండెను. 1978లో ప్రేగ్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో సోవియట్ జట్టు గెలిచినపుడు, ఇరువదేండ్ల ఈ యువకుని మేటి రక్షకునిగా ఎన్నుకొనిరి. తరువాత మరి నాలుగుసార్లు, అనగా 1982, 1985, 1986, 1989 సంవత్సరములలో, ఆ గౌరవము అతనికి దక్కెను.

అప్పటికి తరాసోవ్ తప్పుకొనెను. 1977లో రీగా నగరపు జట్టునుండి విక్టర్ టిఖొనోవ్‌ను రప్పించి, సైన్య సంఘమును, జాతీయ జట్టును రెండింటిని అతని చేతికి అప్పగించిరి. తరాసోవ్ కోపిష్ఠి యైనను ఆటగాండ్రతో కలిసి పాడువాడు, నవ్వువాడు. టిఖొనోవ్ తీరు వేరు. అతని కన్నులకు పని తప్ప మరేమియు ఆనదు. మాస్కో వెలుపల అర్హంగెల్‌స్కొయె అను చోట సంఘమునకు ఒక శిక్షణ నిలయము కలదు. ఏడాదికి పండ్రెండు నెలలలో సుమారు పదునొకండు నెలలు ఆటగాండ్రు అచ్చటనే యుండవలెను. పెండ్లియైనవారు, బిడ్డల తండ్రులు, ముప్పది దాటినవారు సయితము భార్యాబిడ్డలను చూచుటకు అనుమతి కోరవలసినదే. ఈ కట్టడి వలన ఫలము రాలేదనుటకు వీలులేదు. 1977 మొదలు 1989 వరకు పదుమూడేండ్లు వరుసగా సైన్య జట్టే జాతీయ విజేత. అయితే ఆ పతకముల వెల యెంతయో, దానిని చెల్లించినవారికే తెలియును.

గోలు కాచుటలో సాటిలేని వ్లాదిస్లావ్ త్రెత్యాక్ సంగతి ఇందుకు నిదర్శనము. ఇంటనే యుండి, పోటీకి ముందుగా వచ్చి చేరెదనని అతడు కోరెను; టిఖొనోవ్ ససేమిరా యనెను. కెనడాలోని మాంట్రియల్ జట్టువారు అతనిని తమకు కావలెనని 1983లో పేరు వ్రాసికొనిరి గాని పోవుటకు అనుమతి దొరకలేదు. 1984లో, ముప్పదిరెండేండ్ల వయస్సున, ఇంకను ఆడగల సత్తువ యుండగనే త్రెత్యాక్ ఆట మానుకొనెను. ముందు వరుసలో మెరుపువలె వెలిగిన వలెరీ ఖర్లామోవ్ గతి మరియు విషాదకరము. 1981లో కెనడాకు పోవు జట్టునుండి టిఖొనోవ్ అతనిని తప్పించెను. ఆ ఆగస్టు 27వ తేదీన, తోడివారు కెనడాలో నుండగా, మాస్కో సమీపమున మోటారు ప్రమాదమున అతడు మరణించెను.

1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన ఒలింపిక్ పోటీలు సోవియట్ వారికి చేదు జ్ఞాపకము. పోటీలకు కొలది దినముల ముందే న్యూయార్కులో వారు అమెరికా జట్టును 10-3తో చిత్తుగా ఓడించియుండిరి. ఆ అమెరికా జట్టు కళాశాల కుర్రవాండ్రతో కూడినది. అయినను ఫిబ్రవరి 22వ తేదీన ఆ కుర్రవాండ్రే 4-3తో గెలిచిరి. మొదటి భాగము ముగియగనే త్రెత్యాక్‌ను తప్పించి మరియొకని నిలిపిన టిఖొనోవ్ నిర్ణయమును నేటికిని చర్చింతురు. ఇరువదొకటవ ఏట ఫెటిసోవ్ వెండిపతకముతో మరలివచ్చెను.

ఓటమి తరువాత టిఖొనోవ్ పాతవారిని తొలగించి కొత్తవారిని కూర్చెను. అప్పుడే ఆ ప్రసిద్ధమైన ఐదుగురి గుంపు ఏర్పడెను. ముందు వరుసలో సెర్గేయ్ మకారోవ్, ఇగోర్ లారియోనోవ్, వ్లాదిమిర్ క్రుతోవ్. వెనుక వరుసలో ఫెటిసోవ్, అలెక్సీ కసటోనోవ్. అభ్యాస సమయమున వీరు ఆకుపచ్చ చొక్కాలు తొడుగుటచే ఆ రంగు పేరనే వీరిని పిలుచుచుండిరి. మకారోవ్ వేగము, క్రుతోవ్ బలము, లారియోనోవ్ చదరంగపు బుద్ధి, కసటోనోవ్ నిలుకడ, వీటన్నిటిని కలిపి కట్టిన త్రాడు ఫెటిసోవ్. వీరిలో ఎవడు వెనుక నుండునో, ఎవడు ముందుకు దూకునో ఎదుటివారికి అంతుబట్టదు. బిళ్ల ఐదు చేతుల మీదుగా పోయి, ఆరవవాడైన ప్రతిపక్షపు కాపరి తల త్రిప్పునప్పటికి వలలో నుండును. 1981లో మాంట్రియల్‌లో జరిగిన కెనడా కప్పు తుదిపోటీలో సోవియట్ జట్టు కెనడాను 8-1తో ఓడించెను. 1984లో సారయేవోలోను, 1988లో కాల్గరీలోను ఒలింపిక్ స్వర్ణములు వచ్చెను. 1987 కెనడా కప్పు తుదిపోటీలు మూడును 6-5 తోనే ముగిసెను. అందు రెండు గెలిచి కప్పు కెనడా దక్కించుకొనెను గాని, ఇంతకు మించిన ఆటను చూడలేదని ఇరుదేశములవారును చెప్పుకొందురు.

ఈ వైభవము నడుమ 1985 వేసవిలో ఫెటిసోవ్ ఇంట పిడుగు పడెను. అతడు నడుపుచున్న కారు ప్రమాదమునకు లోనై, ప్రక్కనున్న తమ్ముడు అనటోలీ చనిపోయెను. తమ్ముడును అన్న అడుగుజాడలలో హాకీ ఆడుచున్నవాడే. అన్న బ్రతికి బయటపడెను. తరువాతి ఏడాది, 1986లో, ప్రపంచ పోటీలలో అతడు మరల మేటి రక్షకుడయ్యెను. పైకి కనబడునది అంతియే.

అమెరికా, కెనడా దేశముల వృత్తి హాకీ సంఘములకు ఒక ఆచారము కలదు. ఏటేట కొత్త ఆటగాండ్ర పేరులను జట్లవారు వంతుల వారీగా తమ పేర వ్రాయించుకొందురు. అట్లు వ్రాయించుకొనిన ఆటగాడు ఆ సంఘములలో ఆడదలచినచో ఆ జట్టుననే ఆడవలెను. ఫెటిసోవ్‌ను 1978లో మాంట్రియల్ వారును, 1983లో న్యూజెర్సీ వారును అట్లు వ్రాసికొనిరి. సోవియట్ ఆటగాడు రాడని అందరికిని తెలిసినదే. కాగితముపై పేరు పడియుండుటకు వెల లేదు గదా యని వారు తలచియుందురు.

1985 తరువాత మిఖాయిల్ గోర్బచేవ్ పాలనలో గాలి మారెను. పత్రికలు మాటలాడ నారంభించెను. కాల్గరీ ఒలింపిక్ స్వర్ణము తెచ్చినచో విదేశమునకు పోనిచ్చెదమని పెద్దలు ఫెటిసోవ్‌కు మాట యిచ్చిరి. 1988 ఫిబ్రవరిలో స్వర్ణము వచ్చెను. మాట మాత్రము నిలువలేదు. ఇదిగో, అదిగో అనుచు కాలము జరిపిరి. అడిగినపుడెల్ల కొత్త సాకు.

మొదట నోరు విప్పినవాడు లారియోనోవ్. 1988 అక్టోబరులో 'అగన్యోక్' అను వారపత్రికలో టిఖొనోవ్‌కు బహిరంగ లేఖ వ్రాసెను. శిబిరమున ఏడాది పొడుగున బందీలవలె నుంచుట, కుటుంబములకు ఎడబాటు, ఆటగాని యెడ మనుష్యుడను గౌరవము లేకుండుట, ఇవియన్నియు అందు బయటపెట్టెను. సోవియట్ దేశమునుండి వెలువడి ఒకప్పుడు మన గ్రంథాలయముల బల్లల మీదికిని వచ్చిన బొమ్మల పత్రికలలో నవ్వుచున్న విజేతల ముఖములే కనబడుచుండెను. ఆ నవ్వుల వెనుక ఏమున్నదో ఆ దేశపు పాఠకులే అచ్చులో చదువుట అదే తొలిసారి యన్నను తప్పు లేదు.

తరువాత 1989 జనవరిలో ఫెటిసోవ్ 'మస్కోవ్‌స్కీ కమ్సమోలెత్స్' పత్రికతో మాటలాడి, టిఖొనోవ్ క్రింద ఇక ఆడనని తెగేసి చెప్పెను. లారియోనోవ్ చెప్పుట వేరు, ఇతడు చెప్పుట వేరు. ఇతడు జట్టు నాయకుడు. సైన్యమున మేజరు హోదా గలవాడు. సైనికుడు పై అధికారి మాట కాదనుట అచ్చటి చూపున ఆటల తగవు కాదు, క్రమశిక్షణా భంగము. అతనిని జట్టునుండి తొలగించిరి. అభ్యాసమునకు తలుపులు మూసిరి. నిన్నటిదాక భుజము తట్టినవారు ఎదురుపడినచో ముఖము త్రిప్పుకొనిరి. రక్షణమంత్రి ద్మీత్రి యాజోవ్ ఎదుట నిలువవలసి వచ్చిన ఘట్టమును ఫెటిసోవ్ తరువాతి కాలమున పలుమార్లు చెప్పెను: టిఖొనోవ్‌కు క్షమార్పణ చెప్పి జట్టున చేరవలెనని మంత్రి గద్దించెననియు, తాను ఒప్పుకొనక సైన్యమునుండి విడుదల కోరితిననియు అతని మాట.

ఆ రోజులలో అతని ముందు రెండు తేలిక దారులు తెరచియుండెను. మొదటిది పారిపోవుట. విదేశములలో ఆడుటకు పోయినపుడు ఒక రాత్రి హోటలు గది విడిచి కారెక్కినచో చాలును. అట్టి ఏర్పాటులు చేయువారికి కొరత లేదు. రెండవది ప్రభుత్వముతో బేరము. విదేశ జట్టు ఇచ్చు జీతములో అధిక భాగము ప్రభుత్వ క్రీడా వ్యాపార సంస్థకు చెల్లించి, మిగిలిన కొద్దితో బ్రతుకుట. ఫెటిసోవ్ ఈ రెండింటిని త్రోసిపుచ్చెను. దొంగవలె పోనని మొదటిదానిని కాదనెను. తన కష్టార్జితము తనకే చెందవలెనని రెండవదానిని కాదనెను. తలవంచక, తన పాస్‌పోర్టు తన చేత బుచ్చుకొని, సెలవుచీటితో ముందు గుమ్మమునుండి పోవలెననునదే అతని పట్టు. వినుటకు ఇది చిన్న కోరిక. ఆ దేశమున అంతవరకు ఏ ఆటగాడును గెలువని కోరిక.

టిఖొనోవ్ పక్షమున చెప్పదగినది లేకపోలేదు. పసితనమునుండి ప్రభుత్వ ధనముతో పెంచి, నేర్పి, తీర్చిదిద్దిన ఆటగాడు పక్వమైన నాడు పరులకు పోయినచో తోట వేసినవాని గతి యేమని అతడు అడుగవచ్చును. మేటివారు పోగా జాతీయ జట్టు ఏమగునన్న భయమును నిజమైనదే. అయితే పదుమూడేండ్ల సేవతో, రెండు ఒలింపిక్ స్వర్ణములతో ఆ ఋణము తీరలేదా యను ప్రశ్నకు అతని వద్ద జవాబు లేదు.

ఫెటిసోవ్‌ను కాపాడినది తోడివారి పట్టుదల. 1989 వసంతమున స్టాక్‌హోమ్‌లో ప్రపంచ పోటీలు రానుండెను. లారియోనోవ్, మకారోవ్, క్రుతోవ్ మొదలగువారు దూరదర్శనమున ప్రజల ఎదుట కూర్చుండి, ఫెటిసోవ్ లేనిదే తామును ఆడమని చెప్పిరి. ఆకుపచ్చ చొక్కాల ఐదుగురిలో నలుగురు ఒక్కటై నిలిచిరి. ఐదవవాడు, పదేండ్లుగా ఫెటిసోవ్ ప్రక్కన ఆడి ప్రాణస్నేహితుడుగా మెలగిన కసటోనోవ్ మాత్రము టిఖొనోవ్ వైపున నిలిచెను. ఆ గాయము చాలకాలము మానలేదు.

పెద్దలు దిగివచ్చిరి. ఫెటిసోవ్ జట్టున చేరెను. స్టాక్‌హోమ్‌లో సోవియట్ జట్టు ఆడిన పది ఆటలును గెలిచెను. పోటీలు ముగిసినవో లేదో ఇరువదేండ్ల అలెగ్జాండర్ మొగీల్నీ జట్టునుండి మాయమై అమెరికాలో తేలెను. తలుపు తెరువనిచో కిటికీలనుండి దూకుదురని అధికారులకు అప్పటికి బోధపడెను. ఆ వేసవిలో ఫెటిసోవ్‌కు సెలవుచీటి దొరకెను. లారియోనోవ్, క్రుతోవ్ కెనడాలోని వాంకూవర్‌కును, మకారోవ్ కాల్గరీకిని పోయిరి. అంతకుముందు మార్చిలో సెర్గేయ్ ప్ర్యాఖిన్ అను ఆటగానిని ప్రభుత్వమే కాల్గరీకి పంపినమాట నిజమే. కాని అది ప్రభుత్వము తనంత తాను అనుగ్రహించినది, ఇది ఆటగాడు అడిగి సాధించినది.

న్యూజెర్సీలో ఫెటిసోవ్‌కు పూలబాట లేదు. ముప్పదియొకటవ ఏట కొత్త భాష, చిన్న మైదానము, మోటు ఆట. ప్రేక్షకులలో కొందరు ఎగతాళి చేసిరి. ఎదుటి ఆటగాండ్రు పనిగట్టుకొని ఢీకొట్టిరి. తమ వారి జీవనమును దోచవచ్చిన పరదేశి యను చూపు తోటివారిలోను కలదు. అతడు బిళ్ల నందించుచోట ఎవడును ఉండడు. ఎందుకనగా అట్టిచోటికి రావలెనని ఎవనికిని తోచదు. దీనికి తోడు విధి ఒక వింత చేసెను. కొన్ని నెలలలోనే కసటోనోవ్ అదే జట్టునకు వచ్చెను. ఒకే చొక్కా తొడిగి, ఒకే బెంచీపై కూర్చుండి ఇరువురును మాటలాడుకొనలేదు. అచ్చట ఆరేండ్లకు దగ్గరగా గడచెను. అందు చెప్పుకొనదగినది తక్కువ.

1995 ఏప్రిల్‌లో న్యూజెర్సీ వారు అతనిని డిట్రాయిట్ జట్టునకు మార్చిరి. ముప్పదియేడేండ్లు నిండవచ్చిన ఆటగాడు; అతనికి మారుగా పుచ్చుకొనినది రాబోవు ఎంపికలలో ఒక మూడవ వంతు మాత్రమే. డిట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ అనుభవశాలి. 1972లో సోవియట్ ఆటగాండ్రు తొలిసారి కెనడా వృత్తి ఆటగాండ్రతో తలపడి, ఎనిమిది ఆటలలో మూడు గెలిచి, ఒకటి సమము చేసి, వారిని వణికించిన నాటినుండి ఆ విద్యను గమనించుచున్నవాడు. అతని జట్టున అప్పటికే ముగ్గురు రష్యనులు కలరు. సెర్గేయ్ ఫెదొరోవ్ 1990లో అమెరికా వచ్చినపుడు సోవియట్ జట్టును విడిచి పారిపోయినవాడు. వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్ వ్యాధిగ్రస్తుడని వైద్యులచే పత్రము పుట్టించి సైన్యమునుండి బయటపడినవాడు. మూడవవాడు వ్యాచెస్లావ్ కొజ్లోవ్. ఫెటిసోవ్ నాలుగవవాడు. 1995 అక్టోబరులో బౌమన్ లారియోనోవ్‌ను కూడ తెచ్చెను.

అదే నెల 27వ తేదీన కాల్గరీలో ఆ ఐదుగురిని ఒక్క గుంపుగా మంచుపైకి వదలిరి. డిట్రాయిట్ 3-0తో గెలిచెను. వేరు వేరు ఊళ్ల జట్లలో పెరిగినవారైనను వారి చదువు ఒక్కటే గనుక కలియుటకు దినములు పట్టలేదు. అమెరికాలో వెట్టిబరువు మోసినట్లు ఆడిన ఫెటిసోవ్ తిరిగి యువకుడైనట్లు తోచెను. తరాసోవ్ అదే ఏడాది జూన్‌లో కన్నుమూసెను. తన విద్య అమెరికా గడ్డపై వేరూనుటను అతడు చూడలేకపోయెను. ఆ ఆటల ఋతువున డిట్రాయిట్ 62 ఆటలు గెలిచెను గాని స్టాన్లీ కప్పు దక్కలేదు. మరుసటి ఏడు, 1997 జూన్ 7వ తేదీన, ఫిలడెల్ఫియా జట్టును వరుసగా నాలుగు ఆటలలో ఓడించి దానిని గెలిచెను. 1955 తరువాత 42 ఏండ్లకు ఆ నగరమునకు ఆ కప్పు వచ్చుట అదే. నాయకుడు స్టీవ్ యైజర్‌మన్ కప్పును తాను ఎత్తిన పిమ్మట, ఆటగాండ్రలో మొదట ఫెటిసోవ్ చేతికిచ్చెను. ఫెటిసోవ్ దానిని ఒంటరిగా ఎత్తుకొనిపోలేదు. లారియోనోవ్‌ను పిలిచెను. 'అగన్యోక్' లేఖ వ్రాసినవాడును, 'ఆడను' అని చెప్పినవాడును చెరియొక ప్రక్క పట్టుకొని మంచుపై చుట్టు తిరిగిరి.

ఆ సంతోషము ఆరు దినములు నిలిచెను. జూన్ 13వ తేదీన వేడుకనుండి మరలుచుండగా వారి అద్దె కారు చెట్టును ఢీకొనెను. త్రాగి నడుపరాదని ఆటగాండ్రు బుద్ధిమంతులై కారును, నడుపువానిని కుదుర్చుకొనిరి. ఆ నడుపువాని లైసెన్సు అప్పటికే రద్దుపడియుండెను. కాన్‌స్టాంటినోవ్ తలకును, జట్టు మర్దనకారుడు సెర్గేయ్ మ్నట్సకానోవ్‌కును తీరని దెబ్బలు తగిలెను. కాన్‌స్టాంటినోవ్ మరల ఆడలేదు. ఫెటిసోవ్ రొమ్మునకు గాయములై కోలుకొనెను. పండ్రెండేండ్లలో రెండవసారి అతడు తనవారి నడుమనుండి బ్రతికి లేచెను.

ఆ ఆగస్టులో ఫెటిసోవ్, లారియోనోవ్, కొజ్లోవ్ స్టాన్లీ కప్పును మాస్కోకు కొనిపోయిరి. రష్యాకు ఆ కప్పు వచ్చుట అదే మొదలు. సెలవుచీటి కొరకు ఏ నగరమున గడపగడప తిరిగెనో, ఆ నగరపు ఎర్ర మైదానమున దానిని నిలిపిరి. మరుసటి జూన్‌లో వాషింగ్టన్ జట్టును ఓడించి డిట్రాయిట్ రెండవసారి గెలిచినపుడు, కాన్‌స్టాంటినోవ్‌ను చక్రముల కుర్చీలో మంచుపైకి తెచ్చి, కప్పును అతని ఒడిలో నుంచి, ఫెటిసోవ్, లారియోనోవ్ ఆ కుర్చీని త్రోయుచు తిరిగిరి. నలువదేండ్ల ప్రాయమున ఫెటిసోవ్ అంతటితో ఆట చాలించెను. ఉత్తర అమెరికాలో ఋతువుల ఆటలు 546, గోలులు 36. ఏడుసార్లు ప్రపంచ విజేత, రెండుసార్లు ఒలింపిక్ విజేత, రెండుసార్లు స్టాన్లీ కప్పు విజేత అనునవి లెక్కకు వచ్చునవి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. న్యూజెర్సీ జట్టునకు సహాయ కోచ్‌గా 2000లో మరియొక స్టాన్లీ కప్పు చూచెను. 2001లో టొరాంటో కీర్తిమందిరమున అతని పేరు చేరెను. 2002 ఒలింపిక్ పోటీలకు రష్యా జట్టును నడిపి కంచుపతకము తెచ్చెను. ఆ ఏడే రష్యా ప్రభుత్వపు క్రీడాశాఖకు అధిపతియై 2008 వరకు పనిచేసెను. పిదప ఎగువ సభలోను, 2016 నుండి దిగువ సభయైన దూమాలోను సభ్యుడయ్యెను. 2009 డిసెంబరు 11వ తేదీన, ఏబదియొకటవ ఏట, తన పాత సైన్య జట్టున ఆటగాండ్రు గాయపడగా, తిరిగి జోళ్లు తొడిగి ఒక్క ఆట ఆడెను.

2015 నాటికి రష్యాలోని లేత ఆటగాండ్రు పందొమ్మిదేండ్లకే అమెరికా విమాన మెక్కుచుండిరి. దేశపు జట్లు వట్టిపోవుచున్నవని వగచి, ఇరువదియెనిమిదేండ్లు నిండువరకు ఆటగాండ్రు దేశము విడిచిపోకుండ చట్టము కావలెనని ఆ సంవత్సరమున ఒక సభ్యుడు సూచించెను. తోట వేసినవాని పక్షమున నాడు టిఖొనోవ్ చెప్పదగిన మాటయే అది. టిఖొనోవ్ అంతకు మూడు నెలలకు పూర్వమే, 2014 నవంబరులో, మరణించియుండెను. సూచించిన సభ్యుడు ఫెటిసోవ్. ఆ సూచన చట్టము కాలేదు.